ఎల్లకు ఇవతల మేళం: యానాం రాత్రుల చరిత్ర

గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట, కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న యానాం, చుట్టూ తెలుగు పల్లెలే ఉన్నప్పటికీ, రెండు శతాబ్దాలకు పైగా వేరే ఏలుబడిలో, పొరుగు ఊళ్ళకు వర్తించని చట్టాలతో నడిచిన పట్టణం. ఈ పట్టణం పేరు వినగానే కోస్తా ఆంధ్రలో చాలామందికి మద్యం దుకాణాలు, బార్లు గుర్తుకు రావడం సహజమే గాని, అవి ఒక సుదీర్ఘ చరిత్రకు ఇటీవలి కొస మాత్రమే. ఎల్లకు అవతల ఏది నిషిద్ధమైతే దానికోసం జనం యానాం రావడం ఇక్కడ ఒకటికి రెండుసార్లు జరిగింది. ఆ రాకపోకల్లో కొన్నింటి వెంట సన్నాయి, డోలు, క్లారినెట్ పట్టిన కళాకారులూ వచ్చారు, మరికొన్నింటి వెంట రాలేదు. ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు రాలేదు, ఎందుకు రాలేదు అన్నది తెలియాలంటే రాగతాళాలతో పాటు శాసనాలను కూడా చదవాలి. పేటకొక పానశాల ఉండి, అందులో ఆ పేటకే చెందిన వాద్యబృందం రాత్రి పొద్దుపోయేదాకా వాయించే ఆచారం ప్రపంచంలో ఎన్నో నగరాల్లో ఉండగా, తెలుగునాట అది ఎందుకు వేళ్ళూనుకోలేదన్న ప్రశ్నకు కూడా సమాధానం చాలావరకు ఈ చిన్న పట్టణపు గతంలోనే దొరుకుతుంది.

ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పి, 1727లో వదిలి, 1731లో మళ్ళీ వచ్చారు. ఐరోపాలో ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ యుద్ధం మొదలైనప్పుడల్లా యానాం ఇంగ్లీషువారి వశమవుతూ, సంధి కుదిరినప్పుడు తిరిగి చేతికి వస్తూ, చివరకు 1817 నాటికి ఫ్రెంచివారికే స్థిరపడింది. 1839 నవంబరులో కోరంగి రేవును తుడిచిపెట్టిన తుపాను యానాంనూ దెబ్బతీసింది. పాండిచ్చేరికి సుమారు 870 కిలోమీటర్ల దూరంలో, మొత్తం కలిపినా 30 చదరపు కిలోమీటర్లకు మించని ఈ నేలమీద ఫ్రెంచివారి సంఖ్య ఎప్పుడూ స్వల్పమే. మెట్టకూరు, కనకాలపేట, ఫరంపేట, గిరియాంపేట, దరియాలతిప్ప వంటి పేటల్లో, శివారుల్లో ఉన్నది తెలుగు జనమే. వారి పండుగలు, పెళ్ళిళ్ళు, జాతర్లు, వాటి వాద్యాలు గోదావరి జిల్లా అంతటా ఉన్నవే. మారింది చట్టం ఒక్కటే. ఆ ఒక్క తేడాయే ఊరి రాత్రులను మార్చింది.

ఊరి పానశాలల్లో మొదటిది కల్లుపాక. తాటి, ఈత, కొబ్బరి చెట్ల గెలను గానీ మొవ్వును గానీ గీసి, కింద లొట్టి కట్టి, అందులో ఊరిన తీపి రసాన్ని పులియనిస్తే కల్లవుతుంది. పులిసిన ఊటను కాచి, ఆవిరి పట్టి దించినది సారా. గోదావరి డెల్టాలో గీతపని శెట్టిబలిజ, గౌడ కుటుంబాల వృత్తి. చెట్టు వారిది కాకపోయినా, చెట్టెక్కే నేర్పు వారిది; కల్లు అమ్మే హక్కు మాత్రం సర్కారుది. ప్రభుత్వాలు ఆ హక్కును వేలం వేసి గుత్తకిచ్చేవి, అంటే ఏడాదికి ఇంత సొమ్మని ముందే మాట్లాడుకొని, వసూళ్ళ లాభనష్టాలను గుత్తేదారుకు వదిలేసేవి. ఎల్లకు అవతల 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం మత్తు పానీయాల సుంకాన్నీ లైసెన్సులనూ క్రమబద్ధం చేసింది. ఇవతల ఫ్రెంచి పాలకుల సొంత నిబంధనలు నడిచాయి. ఒకే కాలువకు ఈ గట్టున ఒక ధర, ఆ గట్టున ఒక ధర ఉండే పరిస్థితికి పునాది అక్కడే పడింది.

కల్లుపాకలో పాట ఉండేది, దానికి కూలి ఉండేది కాదు. వేమన పద్యాలు, వీరబ్రహ్మం పేర చెప్పుకునే తత్త్వాలు, పడవ లాగేవారి పాటలు, ఊడ్పుల నాటి పదాలు తాగినవారి నోటనే వచ్చేవి. డప్పు ఉంటే డప్పు, లేకపోతే బల్లమీద చేతి దరువు. కూలి ఇచ్చి పిలిపించుకునే సంగీతానికి తెలుగువారు పెట్టుకున్న పేరు మేళం, అంటే నాయకుడో నాయకురాలో నడిపే వాద్యకారుల, గాయకుల, నర్తకుల జట్టు. మేళాన్ని పిలిచేవాడు తాగేవాడు కాదు, శుభకార్యం చేసేవాడు. తాంబూలంలో బయానా, అంటే ముందస్తు సొమ్ము, ఉంచి మేళాన్ని కుదుర్చుకునేవారు. కల్లు కాలాన్ని చెట్టు నిర్ణయిస్తే, మేళం కాలాన్ని పంచాంగం నిర్ణయించేది. ముహూర్తాలున్న నెలల్లో వాద్యకారుడికి నిద్ర ఉండేది కాదు, మూఢంలో, ఆషాఢంలో పని ఉండేది కాదు. ఈ రెండు లెక్కలూ వేర్వేరుగా నడవడం తరువాతి కథ అంతటికీ కీలకం.

మేళాలకు గోదావరి జిల్లాలో గొప్ప కాలం ఆనకట్టతో వచ్చింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను వరి భూమిగా మార్చింది; వరి మిగులు పెళ్ళి పందిళ్ళలోకి ప్రవహించింది. జమీందార్లే కాక, కాలువ కింద పాతిక ముప్పై ఎకరాలున్న రైతు కూడా ఐదు రోజుల పెళ్ళి చేసి, సన్నాయి మేళంతో పాటు భోగం మేళం పెట్టించగలిగాడు. భోగం మేళం కళావంతుల స్త్రీలది. సంగీతం, నాట్యం, అభినయం వంశపారంపర్యంగా నేర్చి, పెళ్ళి చేసుకోని ఈ స్త్రీలు ఆలయంలోనూ, జమీందారు సభలోనూ, పెళ్ళి పందిట్లోనూ ఆడి పాడేవారు. పెద్దలు కూర్చున్న చావడిలో వారు నిలబడి పదాలు, జావళీలు పాడుతూ అభినయించే సభకు మేజువాణి అని పేరు. పెద్దాపురం, మురమండ, మండపేట, బల్లిపాడు, ముమ్మిడివరం వంటి ఊళ్ళు ఈ విద్యకు నిలయాలు. వీటిలో ముమ్మిడివరం యానాంకు గౌతమి దాటితే చాలు. క్షేత్రయ్య పదంలో ఒకే పాదాన్ని పట్టుకొని పది రకాల భావం చూపే ఆ నేర్పు, గొల్లకలాపంలో వేదాంతాన్ని సంభాషణగా నడిపే ఆ పాండిత్యం తెలుగు సంస్కృతి సాధించిన అత్యున్నత విషయాల్లో చేరతాయని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఆ మేళాల వెనుక నిలబడిన వాద్యాలు మారుతూ వచ్చిన తీరు గమనించదగినది. పాత మేళంలో పాటకు ముఖవీణ అనే చిన్న సన్నాయి, శ్రుతికి తిత్తి, లయకు మద్దెల ఉండేవి. పందొమ్మిదో శతాబ్దిలోనే దక్షిణాది నాట్య బృందాల్లో ముఖవీణ చోటుకు క్లారినెట్ వచ్చింది, ఆపైన ఫిడేలు, హార్మోనియం చేరాయి. విదేశీ వాద్యాలు ఇక్కడికి వచ్చిన దారుల్లో సైనిక బృందాలది పెద్దదారి. 1798 నుంచి 1832 దాకా తంజావూరును ఏలిన రెండో శరభోజి తన కొలువులో పాశ్చాత్య బ్యాండును నిలిపాడు. మద్రాసు కోటలో మోగే ఇంగ్లీషు బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చారు, వాటినే నోట్టు స్వరాలంటారు. కొలువుల్లో, కంటోన్మెంట్లలో మొదలైన ఆ వాద్యాలు ఇరవయ్యో శతాబ్దికి పెళ్ళి ఊరేగింపుల్లోకి దిగి బ్యాండు మేళమయ్యాయి: క్లారినెట్లు, ట్రంపెట్లు, ఒక పెద్ద డ్రమ్ము, రెండు చిన్న డ్రమ్ములు, తాళాలు, గిలకలు, జరీ అంచు ఎర్రకోటు. తరతరాలుగా డప్పు కొట్టిన కుటుంబాల పిల్లలు చాలా ఊళ్ళలో క్లారినెట్ చేతబట్టారు. ఊరి చివర నిలబడి వాయించవలసిన వాద్యానికి బదులు, ఊరేగింపు ముందు నడుస్తూ వాయించే వాద్యం వారి చేతికి రావడం సంగీత చరిత్రలోనే కాక సామాజిక చరిత్రలోనూ పెద్ద మలుపు, ఈ మలుపును గురించి రాయవలసినంత ఎవరూ రాయలేదు.

యానాం పేరు తెలుగు జిల్లాలన్నిటా మారుమోగింది శారదా చట్టంతో. 1929 సెప్టెంబరులో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైన బాల్య వివాహ నిరోధక చట్టం, దాన్ని ప్రతిపాదించిన హర్‌బిలాస్ శారదా పేరుతో ప్రసిద్ధమై, ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండనిదే పెళ్ళి చేయడాన్ని శిక్షార్హం చేసింది. ఆమోదానికీ అమలుకూ నడుమ దొరికిన ఆరు నెలల్లో దేశమంతటా లెక్కలేనన్ని బాల్య వివాహాలు జరిగాయి. గడువు దాటాక, రజస్వల కాకముందే కన్యాదానం చేయకపోతే పాపమని నమ్మిన కుటుంబాలు చట్టం చేయి చాపలేని నేలకోసం వెదికాయి. గోదావరి, కృష్ణా జిల్లాలవారికి ఆ నేల యానాం. పెళ్ళిళ్ళ ఊరుగా దీనికి కళ్యాణపురమని మారుపేరు వచ్చింది. మీసాలున్న మూర్తి కావడంతో మీసాల వెంకన్న అని భక్తులు పిలుచుకునే వేంకటేశ్వరుడు కొలువైన ఈ ఊళ్ళో, ముహూర్తాల రోజుల్లో ఒక్కో రాత్రి ఎన్నో పందిళ్ళు లేచాయి.

ఎల్ల దాటి వచ్చిన పెళ్ళి అంటే కేవలం వధూవరులు, పురోహితుడు కాదు. గోదావరి జిల్లాల్లో అప్పటి పెళ్ళి వంటవారు, చాకళ్ళు, బోయీలు, దీపాలు మోసేవారు, వాద్యకారులు కలిసిన ఒక సంచార గ్రామం. మంగళవాద్యం లేనిదే మాంగల్యధారణ లేదు. తాళి కట్టే క్షణంలో డోలు, సన్నాయి హోరెత్తడం శాస్త్రంతో సమానమైన ఆచారం. రెండు వియ్యాలవారు ఊరి వెలుపల ఎదురుపడి పన్నీరు చల్లుకునే ఎదుర్కోలు సన్నాహానికి ఒక మేళం, రాత్రి ఊరేగింపుకు ఒక మేళం, పండితులకు సంభావనలిచ్చే సదస్యానికి మరో వరుస సంగీతం అవసరమయ్యేవి. కిట్సన్ దీపాలూ, తరువాత పెట్రోమాక్స్ దీపాలూ తలలమీద పెట్టుకున్నవారు వరుసగా నడుస్తుంటే, వారి వెనుక పల్లకీ వస్తుంటే, కూడలి కూడలికీ ఆగి సన్నాయి విద్వాంసుడు రాగాలాపన చేసేవాడు. ఒకే రాత్రి రెండు ఊరేగింపులు ఒకే వీధిలో ఎదురైతే రెండు మేళాల నడుమ పోటీ తప్పదు. గోదావరి వైపు సన్నాయి వాద్యకారుల కీర్తి కచేరీ హాళ్ళలో కంటే ఇలాంటి వీధి పోటీల్లోనే ఎక్కువగా స్థిరపడింది.

ఈ వైభవాన్ని చెప్పేటప్పుడు దాని మూల్యాన్ని దాచకూడదు. పల్లకీలో నిద్రపోతున్నది ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల భర్త పోతే, తెలిసీ తెలియని వయసులోనే వైధవ్యం మీద పడేది. కందుకూరి వీరేశలింగం జీవితమంతా పోరాడింది ఆ అన్యాయంతోనే. మేళం ఎంత గొప్పగా మోగినా అది మోగింది ఒక నేరానికి, ఆ నేరాన్ని నేరం కాదనే ప్రభుత్వపు నీడలో. 1938లో శారదా చట్టానికి చేసిన సవరణలు దాని పరిధిని బ్రిటిష్ ఇండియా ఎల్లలకు వెలుపల ఉన్న బ్రిటిష్ ప్రజలకు కూడా విస్తరించి, పొరుగు సంస్థానాల్లోనూ విదేశీ స్థావరాల్లోనూ తలదాచుకునే వీలును కాగితం మీదనైనా మూసివేశాయి.

పిల్లల పెళ్ళిళ్ళపై మొదలైన సంస్కరణే మేళంపైకీ మళ్ళింది. వేశ్యల నాట్యాన్ని శుభకార్యాల నుంచి తొలగించాలన్న ఉద్యమం, దీనినే నాచ్ వ్యతిరేక ఉద్యమమంటారు, 1890లలో మద్రాసులో ఊపందుకోగా, ఆంధ్రలో దానికి వీరేశలింగం రాజమహేంద్రవరం నుంచి, 1904 మొదలు 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడు కాకినాడ నుంచి నాయకత్వం వహించారు. 1947లో మద్రాసు రాష్ట్రం ఆలయాలకు దేవదాసీలను అంకితం చేయడాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్ర రాష్ట్రం తెచ్చిన సవరణ పెళ్ళిళ్ళ వంటి వేడుకల్లో సైతం ఆ వర్గపు స్త్రీల నృత్యాన్ని నిషేధించింది. అంకితం ఆపడం న్యాయమే. అయితే విద్యను, దాన్ని మోసిన మనుషులను కలిపి శిక్షించిన ఆ సవరణతో ఒక వర్గపు స్త్రీలు తమకు తెలిసిన ఏకైక జీవనోపాధిని కోల్పోయారు. 1972లో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ వృద్ధులైన కళావంతులను హైదరాబాదుకు రప్పించి అభినయ సదస్సు జరిపేనాటికి ఆ విద్య ముసలి శరీరాల్లో మాత్రమే మిగిలింది. ముమ్మిడివరం అన్నాబత్తుల సోదరీమణులు గొల్లకలాపాన్ని, పాత పదాలను నిలిపి ఉంచకపోతే ఆ మాత్రమూ దక్కేది కాదు.

మేజువాణి తగ్గుతున్న ఆ దశాబ్దాల్లోనే రాత్రంతా కూర్చోబెట్టే మరో సంగీతం పైకి వచ్చింది. అది పద్యనాటకం. దాని ప్రధాన నిర్మాతల్లో ఒకరు యానాం వీధుల్లో పెరిగినవారే. కడియంలో 1870లో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బాల్యం, తొలి చదువు యానాంలో గడిచాయి. తిరుపతి వేంకట కవులుగా ఆయనా దివాకర్ల తిరుపతిశాస్త్రీ రాసిన పాండవోద్యోగ విజయాలు ఇరవయ్యో శతాబ్ది పొడుగునా తెలుగు పల్లెల్లో హార్మోనియం పక్కన తెల్లవారే దాకా మోగాయి. ఒక పద్యాన్ని నటుడు ఎత్తుకొని రాగాన్ని సాగదీస్తుంటే, వన్స్ మోర్ అని జనం కేకవేయడం, అతడు మళ్ళీ మొదటి నుంచి పాడడం కచేరీకీ నాటకానికీ నడుమ ఉన్న గీతను చెరిపేసింది. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు వంటి సమాజాలు నటులను, గాయకులను తయారుచేశాయి, ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, స్వరకర్త ఆదినారాయణరావు ఆ బడి నుంచి వచ్చినవారే. అదే కాకినాడలో కాళ్ళకూరి నారాయణరావు 1920లలో మూడు నాటకాలు ప్రచారంలోకి తెచ్చారు: వేశ్యాలోలత్వంపై చింతామణి, వరకట్నంపై వరవిక్రయం, తాగుడుపై మధుసేవ. ఆ మూడింటిలో జనం గుండెల్లో నిలిచినది చింతామణి. వేశ్యాగృహాన్ని విమర్శించడానికి రాసిన నాటకం ఆ ఇంటి పాటను వేదికమీద బతికించడం కళలో అరుదుగా జరిగే సంగతి.

పెళ్ళిళ్ళ తరువాత జనాన్ని యానాంకు రప్పించిన రెండో ఎల్ల మద్యంది. మద్రాసు రాష్ట్రంలో 1937లో రాజాజీ సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్యనిషేధం, యుద్ధకాలంలో ఆగి, తిరిగి సాగి, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆనాటి నుంచి తూర్పు గోదావరి జిల్లా ఎండిపోగా, దాని నడిమధ్యన యానాం తడిగా మిగిలింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి విడివడింది. నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వానికి బదిలీ అయింది. సరిగ్గా ఐదు రోజులకు, నవంబరు 6న, కర్నూలు శాసనసభలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధ విధానంపైనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక ప్రభుత్వాన్ని కూల్చగలిగినంత బరువున్న ఆ నిషేధం, కొత్తగా దేశంలో కలిసిన యానాంకు మాత్రం వర్తించలేదు, ఎందుకంటే ఊరు ఆంధ్ర రాష్ట్రంలో గాక పాండిచ్చేరితో కలిసి కేంద్రం ఏలుబడిలోకి వచ్చింది. 1962 ఆగస్టు 16న ఫ్రాన్సు చట్టబద్ధంగా హక్కు వదులుకున్నాకా అదే స్థితి. 1970 నాటి పాండిచ్చేరి ఎక్సైజు చట్టం దాన్ని స్థిరపరిచింది.

తలుపు తెరిచి ఉన్న ఊరు, పక్కనే దాహంతో ఉన్న జిల్లా. ఇవి రెండూ ఉన్నచోట సంగీతానికి మంచి రోజులు రావాలి. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం సాగినప్పుడు క్యూబాలోని హవానాకు, మెక్సికో సరిహద్దులోని టిహువానాకు వచ్చిన అమెరికన్లు అక్కడి హోటళ్ళలో, క్లబ్బుల్లో వాద్యబృందాలకు పని కల్పించారు. యానాంలో ఆ పరిణామం రాలేదు. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి, వాటిలో మొదటిది దూరం, లేదా దూరం లేకపోవడం. హవానా వెళ్ళినవాడు ఓడలో వెళ్ళి హోటల్లో దిగాలి, రాత్రి గడపాలి. ఆ రాత్రిని నింపడానికి పాట కావాలి. కాకినాడ నుంచి వచ్చినవాడు గంటలో వచ్చి, తాగి, చివరి బస్సుకో, గౌతమి దాటించే పంటుకో అందుకోవాలి. తొందరలో ఉన్నవాడికి పాట అక్కర్లేదు. రెండోది మేళం స్వభావం: దానికి కూలి ఇచ్చేది ఒక యజమాని, ఒక శుభకార్యం నిమిత్తం, టేబుల్ టేబుల్‌కీ వేరుగా బిల్లు కట్టే వందమంది అపరిచితుల కోసం వాయించే పద్ధతి దానికి తెలియదు, మంగళవాద్యాన్ని తాగేచోట ఊదడం సన్నాయి కుటుంబాలు ఒప్పుకోదగిన పనీ కాదు. మూడోది, అన్నిటికంటే బలమైనది, నిషేధం తాగుడుకు అంటించిన సిగ్గు. స్త్రీలు అడుగుపెట్టని, కుటుంబాలు కూర్చోని, తెలిసినవాడు కనిపిస్తే ముఖం తిప్పుకునే చీకటి గదిగా తెలుగువారి బారు రూపొందింది. ముఖాలు చూసుకోవడానికి ఇష్టపడని సభలో గాయకుడు ఎవరిని చూసి పాడాలి?

అందువల్ల యానాంలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ స్థానిక బృందాల సంగీతం బారులో గాక, బారు బయట పందిట్లోనే పెరిగింది. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం సడలిన 1960ల చివరి నుంచి పెళ్ళి రిసెప్షన్లకు, వినాయక చవితి పందిళ్ళకు, దేవీ నవరాత్రులకు ఆర్కెస్ట్రాలు వచ్చాయి. ఆర్కెస్ట్రా అంటే సినిమా పాటలను వాద్యాలతో సహా వేదికమీద వినిపించే అద్దె బృందం: అకార్డియన్, కాంగోలు, తబలా, గిటారు, ఆపైన కీబోర్డు, రిథమ్ ప్యాడు, ఒక ఘంటసాల గొంతు, ఒక సుశీల గొంతు. 1960ల మద్రాసులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన ఇలాంటి బృందంలోనే ఇళయరాజా, ఆయన సోదరులు వాయించారు. జిల్లా స్థాయి బృందాల్లో అంతటి పేరు తెచ్చుకున్నవారు లేకపోయినా, బ్యాండు మేళంలో క్లారినెట్ నేర్చి ఆర్కెస్ట్రాలో శాక్సఫోన్ పట్టినవారు, భజనలో హార్మోనియం నేర్చి కీబోర్డుకు మారినవారు పల్లెల్లో పాశ్చాత్య స్వరజ్ఞానానికి తొలి గురువులు.

ఆర్కెస్ట్రాకు పోటీగా జాతర్లలో రికార్డింగ్ డాన్స్ వచ్చింది. సినిమా పాట రికార్డు మోగుతుంటే వేదికపై ఆడే నృత్యమిది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో దీని సందడి, దీనిపై పోలీసుల దాడులు రెండూ ఏటేటా ఉండేవి. 1956 తరువాత మేజువాణి లేని కళావంతుల కుటుంబాల్లో కొందరు ఈ వేదికలెక్కారు. దీన్ని అశ్లీలమని తోసిపుచ్చడం తేలిక. మరో కోణం నుంచి చూస్తే, శతాబ్దాల మేళంలో నర్తకి మిగిలి, ఆమె వెనుక నిలబడవలసిన వాద్యకారులందరి చోటునూ ఒక యంత్రం ఆక్రమించిన తొలి సందర్భం ఇదే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో నిలిచిన స్త్రీలు సారా దుకాణం మూయించడంతో రగిలిన ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1980లలో వారుణి వాహిని పేరిట ప్యాకెట్లలో గడప దాకా వచ్చిన సారా ఎన్ని కూలి కుటుంబాలను ముంచిందో తెలిసినవారికి ఆ ఆగ్రహం ఆశ్చర్యం కలిగించదు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్ని నిషేధించింది. 1948 నాటి దృశ్యమే యానాం ఎల్లవద్ద తిరిగి వచ్చింది, ఈసారి బస్సులతో, మోటారు సైకిళ్ళతో. 1997లో నిషేధం సడలినా, పన్నుల తేడా వల్ల ధరల తేడా నిలిచింది. యానాం బార్లకు అదే ఆధారమైంది. 2002లో యానాంను ఎదుర్లంకతో కలుపుతూ, ఆ ఏడాదే మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు బాలయోగి పేరుతో గౌతమిపై వారధి తెరుచుకోవడంతో పంటు కోసం వేచి ఉండే అవసరం కూడా పోయింది. తాగే రాత్రి మరింత కురచ అయింది. స్థానిక కళాకారులు పెద్ద సభను చూడగలిగింది ఏటా జనవరిలో ప్రభుత్వం జరిపే ప్రజా ఉత్సవాల వేదికపైనే. ఫల పుష్ప ప్రదర్శనతో కలిసి జరిగే ఆ మూడు నాలుగు రోజులకు మేళం పాత నియమం చక్కగా సరిపోతుంది: కూలి ఇచ్చే యజమాని ఉన్నాడు, నిమిత్తం ఉంది, ఆడామగా పిల్లాజెల్లా కలిసి కూర్చుంటారు.

2022 జనవరి 17న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనను నిషేధించింది. నాటకంలోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చేసిన విజ్ఞప్తి దీనికి కారణం. ఉత్తర్వును సవాలు చేస్తూ హైకోర్టులో వ్యాజ్యం కూడా దాఖలైంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్న యానాంకు ఆ ఉత్తర్వు వర్తించదు. బాల్య వివాహం, మద్యం తరువాత ఎల్లకు అవతల నిషిద్ధమై ఇవతల నిషిద్ధం కానిది ఇది మూడోది. అయితే పెళ్ళివారు దాటినంత తేలికగా, తాగేవారు దాటినంత తేలికగా నాటక సమాజం ఎల్ల దాటలేదు. దానికి జాతర కమిటీ బయానా కావాలి, పందిరి కావాలి, పద్యం పద్యానికీ వన్స్ మోర్ అనగలిగిన శ్రోతలు కావాలి, అన్నిటికీ మించి తెల్లవారే దాకా రాత్రి కావాలి. 2000లో కేంద్ర ప్రభుత్వం చేసిన ధ్వని కాలుష్య నియమాలు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లను నిషేధించి, పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలాయి. అవి దేశమంతటికీ వర్తించే నియమాలు కనుక, ఈ ఒక్క విషయంలో యానాంకూ గౌతమికి ఆవలి ఒడ్డునున్న ఎదుర్లంకకూ తేడా లేదు.